కుడి చేతికి మార్చిన కట్టె

రెండు వేల పదహారో సంవత్సరం. నకిరేకల్ బస్టాండు వెనక గల్లీలో మాకు వీడియో గేముల దుకాణం ఉండేది. పెద్ద దుకాణమేమీ కాదు, రేకుల కప్పు కింద ఒకే గది, అందులో రెండు కాబినెట్లు. కాబినెట్ అంటే బట్టల అల్మారా అంత ఎత్తు చెక్క పెట్టె. లోపల పాత టీవీలాంటి మానిటర్ ఒకటి, ఆట ఉండే బోర్డు ఒకటి ఉంటాయి. ముందు వైపు నడుము ఎత్తులో చిన్న బల్లలాగా ప్యానెల్ ఉంటుంది. ప్యానెల్ మీద ఎడమ పక్క జాయ్‌స్టిక్, కుడి పక్క బటన్లు. జాయ్‌స్టిక్‌ను మా దగ్గర అందరూ కట్టె అనేవాళ్లు. నేనూ అలాగే రాస్తాను.

మా ఆయన దేవదానం చౌటుప్పల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఆ కాబినెట్లు హైదరాబాద్‌లో పాతవి కొని తెచ్చింది ఆయనే. కానీ పొద్దున బస్సుకు పోయి పొద్దుగూకినాక వచ్చే మనిషి పగలు చెడిపోయిన మిషన్‌ను ఎట్లా బాగుచేస్తాడు? అందుకని నేను నేర్చుకున్నాను. మొదట్లో నాకు అక్షరాలు రావు. ఏ తీగ ఎక్కడికి పోతుందో రంగును బట్టి గుర్తుపెట్టుకునేదాన్ని. నలభై దాటినాక వయోజన విద్య కేంద్రంలో చదవడం నేర్చుకున్నాను. అప్పటి నుంచి బోర్డు మీద ఏం రాసి ఉందో కూడబలుక్కుని చదివేదాన్ని. తప్పులు చేశాను, షాకులు కొట్టించుకున్నాను, రెండు బోర్డులు కాల్చాను. పని మాత్రం వచ్చింది.

ఆ సంవత్సరం మా ధంధాకు గాలిదుమారం లాంటిది. అప్పటికే పిల్లలు ఫోన్ల మీదికి మళ్లుతున్నారు. వానకాలం దాటేసరికి ఫోన్లో ఇంటర్నెట్ ఎంత చవకైందంటే, పదో తరగతి పిల్లగాడు మా గడప ముందు నిలబడి, లోపలికి రాకుండా, ఫోన్లోనే కార్లు నడుపుకుంటూ పోయేవాడు. చౌటుప్పల్‌లో గేముల దుకాణం మూసేశారు. హైదరాబాద్‌లో మాకు బటన్లు, స్విచ్‌లు అమ్మే ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఎక్కడ చూసినా కాబినెట్లు పగలగొట్టి, మానిటర్‌ను ఒక దిక్కు, చెక్కను ఒక దిక్కు పాత సామాన్లోళ్లకు వేస్తున్నారు. మేము కూడా అమ్మేద్దామనే అనుకున్నాం.

ఆ సంవత్సరమే, వానలు మొదలవుతున్న రోజుల్లో, జహంగీర్ భాయ్ మా దుకాణంలో ఆడడానికి కూర్చున్నాడు. నా పనిలో నేను మరిచిపోలేని కేసు అదే.

జహంగీర్ భాయ్ మా పక్క దుకాణం టైలర్. మాకూ ఆయనకూ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడ మీద మేము పోట్లాడుకోని వారం లేదు. "ఎస్తేరమ్మా, నీ దుకాణంల రోజూ జంగ్ నడుస్తాంది. గా టుయ్ టుయ్ చప్పుడుకు నా కత్తెర వంకర పోతాంది" అని వచ్చేవాడు. "వంకర పోయేది కత్తెర కాదు సాబ్, నీ కండ్లు. అద్దాలు మార్చుకో పో" అని నేను అనేదాన్ని. మనిషి నోరు చెడ్డది, చెయ్యి మాత్రం బంగారం. నకిరేకల్‌లో పెళ్లి షేర్వానీ కోయాలంటే ఆయనే కోయాలి. కొలత టేపు మెడలో ఊరికే వేలాడేది. మనిషిని చూసి సుద్దతో గీత గీసేవాడు.

ఆ ఎండాకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. నల్లగొండ దవాఖానలో ఉండి వచ్చాడు. కాలు కొంచెం ఈడుస్తూ నడవగలిగాడు కానీ కుడి చెయ్యి రాలేదు. మాట తడబడేది. ఆయన భార్య రజియా దుకాణం తెరిచి చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ కూర్చునేది. చెయ్యి తిరిగి రావాలంటే రబ్బరు బంతి పిసకాలని దవాఖానలో చెప్పి పంపారు. ఆయన రెండు రోజులు పిసికి, మూడో రోజు బంతిని మోరీలోకి విసిరాడు, అదీ ఎడమ చేత్తో.

ఒక మధ్యాహ్నం మా మిషన్ ఖాళీగా మోగుతోంది. ఎవరూ ఆడకపోయినా మనుషులను పిలవడానికి అది తనంతట తానే ఆడుతూ చప్పుడు చేస్తుంది. జహంగీర్ భాయ్ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తిట్టడానికే వచ్చాడని మొఖం చూస్తే తెలిసింది. నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ తెరిచాడు. పెదవి ఒక పక్కకు పోయింది తప్ప మాట రాలేదు. అన్నేళ్లు తిట్లు తిన్నదాన్ని, ఆ ఒక్క తిట్టు రాకపోయేసరికి లేచి మిషన్ ముందుకు స్టూలు జరిపాను.

"కూసో భాయ్. జర ఆడి సూడు. మంచిగ లేకపోతే రేపు తిడుదువు" అన్నాను.

కూర్చున్నాడు. ఎడమ చెయ్యి కట్టె మీద వేశాడు. అది విమానం ఆట. కట్టె తిప్పితే విమానం కదులుతుంది, బటన్ నొక్కితే గుండు పేలుతుంది. విమానాన్ని బాగానే తిప్పాడు కానీ బటన్ నొక్కేది కుడి చెయ్యి కదా, అది ఒడిలో పడి ఉంది. ఇంతలో రజియా ఆయనను వెతుక్కుంటూ వచ్చింది.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ఇద్దరు కలిసి ఒకే ఆట ఆడేవాళ్లు, ఒకరిది కట్టె, ఒకరిది బటన్. దోస్తులంతా అలాగే ఆడేవాళ్లు. నేను రజియాను స్టూలు మీద కూర్చోబెట్టి, "నువ్వు బటన్ నొక్కు" అన్నాను.

"నాకేమొస్తదక్కా?"

"కుట్టు మిషన్ తొక్కుతవు, గిది నొక్కలేవా?"

అంతే. మర్నాటి నుంచి రోజూ పదకొండింటికి ఇద్దరూ వచ్చేవాళ్లు. ఆయన తిప్పేవాడు, ఆమె పేల్చేది. నేను ఇంకో పని కూడా చేశాను. బోర్డు మీద డిప్ స్విచ్ అని, పంటి వరుసలాంటి చిన్న చిన్న స్విచ్‌ల డబ్బా ఒకటి ఉంటుంది. ఆటకు ఎన్ని ప్రాణాలు ఉండాలి, ఎదుటివాళ్లు ఎంత జోరుగా రావాలి అన్నది దానితోనే పెడతాం. నేను ఆయనకు చెప్పకుండా అన్నీ సులువు వైపుకు జరిపాను. ప్రాణాలు ఎక్కువ, శత్రువులు నెమ్మది. ఇద్దరూ గెలుస్తూ పోయారు. రజియా నవ్వు గల్లీ చివరి దాకా వినపడేది. ఆమె అట్లా నవ్వుతుందని అన్నేళ్ల పొరుగులో నాకు తెలియదు. జహంగీర్ భాయ్ మాట కూడా కుదురుకుంటూ వచ్చింది. "కొట్టు, కొట్టు, ఎడమ దిక్కుది కొట్టవేందే" అని ఆమె మీద అరిచేంత వచ్చింది. నేను కూడా నలుగురికి గొప్పగా చెప్పుకున్నాను, దవాఖానల కానిది నా మిషన్ జేస్తాందని.

నెల తర్వాత నల్లగొండలో చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. చూపించి రావాలన్న సంబరంతో నేనూ వాళ్లతో బస్సెక్కాను. అక్కడ ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఉంది, చిన్న వయసు. చెయ్యి, కాలు పని చేయించే వ్యాయామాలు నేర్పే డాక్టర్లను అట్లా అంటారు. ఆమె బల్ల మీద స్టీలు గ్లాసు పెట్టి, కుడి చేత్తో పట్టుకొమ్మంది. జహంగీర్ భాయ్ భుజం లేపాడు, మొఖం బిగించాడు. వేళ్లు విచ్చుకోలేదు. ఆమె ఒక్కొక్క వేలు విప్పి చూసి, "పోయినసారి కంటే బిగుసుకున్నాయి. ఇంటి దగ్గర ఏం చేయడం లేదా?" అంది.

నేను అందుకున్నాను. రోజూ రెండు గంటలు ఆడుతున్నారని, మిషన్ ఎట్లా ఉంటుందో, ఎవరు ఏం చేస్తారో అంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. విని ఒకటే అడిగింది.

"కట్టె ఎడమ చేతిది. బటన్లు ఈ అమ్మవి. మరి కుడి చెయ్యి ఏం చేసింది?"

ముగ్గురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాం.

"ఒడిలనే ఉండె" అంది రజియా.

డాక్టరమ్మ కోపం చేయలేదు. కోపం చేసినా బాగుండేది. "చెయ్యి మళ్లీ నేర్చుకునేది ఇప్పుడేనమ్మా, ఈ నెలల్లోనే. ఇప్పుడు పని పెట్టకపోతే తర్వాత చాలా కష్టం. కత్తెర పట్టే చెయ్యి కదా" అంది.

తిరుగు బస్సులో రజియా కిటికీలోకి చూస్తూ కూర్చుంది. కట్టంగూరు దాటినాక జహంగీర్ భాయ్ మెల్లగా అన్నాడు, "నాకెర్కనే ఉండె చెల్లే."

"ఏం ఎర్క?"

"చెయ్యి పని జేస్తలేదని. మంచిగనిపిచ్చింది, గందుకే ఊకున్న. ఇంట్ల ఉంటె ఆమె ఏడుస్తది. ఆడ నవ్వుతుండె."

 ఆ రోజంతా నన్ను నేను తిట్టుకున్నాను. నేను పలక పట్టిన కొత్తలో మా పంతులమ్మ పాపం మంచిది, నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించేది. పలక నిండా ముత్యాల్లాంటి అక్షరాలు వచ్చేవి. ఇంటికి వచ్చి ఒక్కదాన్నే రాద్దామంటే గీత కూడా వచ్చేది కాదు. చివరికి ఆమె చెయ్యి తోసేసి వంకరటింకరగా రాసుకున్నాకే నాకు చదువు వచ్చింది. ఇంత తెలిసినదాన్ని, కుడి చెయ్యి పడిపోయిన మనిషికి కుడి చేతి పనంతా తీసి ఇంకొకరికి అప్పజెప్పాను. పైగా ఆటను సులువు చేసి ఆయనను బోల్తా కొట్టించాను.

దేవదానంతో ఆ రాత్రే చెప్పాను, మిషన్లు ఇప్పుడు అమ్మొద్దని.

"ఐతారం దాటినంక మనిషి వస్తనన్నడు. మాటిచ్చిన" అన్నాడు.

"ఒకటి ఇయ్యి. రొండోది ఉంచు."

"ఎవలు ఆడుతరే దాని మీద?"

"జహంగీర్ భాయ్ ఆడుతడు."

"ఒక్క మనిషి కోసం మిషన్ పెట్టుకుంటమా?"

"పెట్టుకుంటం" అన్నాను.  నేను ఆ గొంతుతో మాట్లాడితే ఆయన మాట్లాడడు, మంచి మనిషి.

నాకు కావలసింది ఇద్దరు ఎదురెదురుగా ఆడే ఆట, ఇద్దరు పట్టే వెడల్పు ప్యానెల్. రామన్నపేటలో వెంకటేశం గేముల దుకాణం మూస్తున్నాడని తెలిసి పోయాను. అప్పటికే సగం సామాను బయట పడేసి ఉంది. అటొకరు, ఇటొకరు బంతి కొట్టుకునే టెన్నిస్ ఆట బోర్డు, పాత ప్యానెల్ చెక్క దొరికాయి. "తీస్కపో అక్కా. గీ జాగల ఫోన్ కవర్ల దుకాణం పెడుతున్న. నువ్వు గూడ మార్చుకోరాదు?" అన్నాడు. ప్యానెల్ చంకన పెట్టుకుని బస్సెక్కితే కండక్టర్ అదేమిటని అడిగాడు. చెప్పినా ఆయనకు అర్థం కాలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక దేవదానం చెక్కకు కొత్త తూట్లు కోశాడు. ఒక పక్కన కట్టెను కుడి చేతికి మార్చాం, బటన్లను ఎడమకు. తీగలు పొడుగు చేసి మళ్లీ టంకం పెట్టాను. కట్టె అడుగున నాలుగు మైక్రోస్విచ్‌లు ఉంటాయి, అంటే టిక్కుమని చప్పుడు చేసే చిన్న స్విచ్‌లు, దిక్కుకొకటి. మధ్యలో స్ప్రింగ్ ఉంటుంది, వదిలితే కట్టెను నిలువుగా నిలబెట్టేది అదే. కొత్త స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది, పడిపోయిన చేతికి లొంగదు. ఏళ్ల తరబడి వాడి వదులైన స్ప్రింగ్‌లు నా దగ్గర చాలా ఉన్నాయి. అన్నిట్లోకీ మెత్తనిది ఏరి వేశాను. డిప్ స్విచ్‌లు సులువు వైపుకు జరపకుండా, ఎట్లా ఉన్నవాటిని అట్లాగే ఉంచాను.

తెల్లారి ఇద్దరినీ కూర్చోబెట్టి నిజం చెప్పేశాను. "ఇన్ని రోజులు నీకు అల్కటి ఆట, ఊకె గెలిచేటి ఆట పెట్టిన భాయ్. ఇగ పెట్ట. రజియా నీ దిక్కు కూసోదు, నీ ఎదురుంగ ఆడుతది."

జహంగీర్ భాయ్ ప్యానెల్ మీది నుంచి తల ఎత్తాడు. "అంటె నేను గెలిచిందంత ఉత్తదేనా?"

"ఉత్తదే."

లేచి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు రాలేదు. గోడ అవతల రజియా కుట్టు మిషన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. తప్పు మీద తప్పు చేశానేమో అనుకున్నాను. ఐదో రోజు పదకొండింటికి ఈడ్చే కాలి చప్పుడు వినపడింది. వచ్చి కూర్చుని, ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి కట్టె మీద పెట్టుకున్నాడు. "షురూ జెయ్యి" అన్నాడు.

చెయ్యి జారిపోతూనే ఉంది. రజియా లైనింగ్ గుడ్డతో ఒక పట్టీ కుట్టి తెచ్చి అరచేతిని కట్టెకు కట్టింది. కట్టి తన పక్కకు పోయి కూర్చుంది. బంతి వచ్చింది. కట్టె కదలలేదు. మళ్లీ వచ్చింది, మళ్లీ కదలలేదు. రజియా ఒక్క బంతి కూడా వదలలేదు. మొదటి రోజు ఆయనకు ఒక్క పాయింటు రాలేదు, రెండో రోజూ రాలేదు, మూడో రోజూ అంతే. ఆయన మొఖం చూడలేక నేను రజియాను బయటికి పిలిచాను.

"జర ఒక్కసారి ఓడిపోరాదే. పాణం ఉసూరుమంటాంది ఆయనకు."

రజియా కొంగు నడుముకు చెక్కుకుంది. "ముప్పై ఏండ్ల సంది గుండీ కాజా వంకర పోయిందంటె ఓడిపోయిన, బిర్యానీల ఉప్పు ఎక్కువైందంటె ఓడిపోయిన. గీడ ఎందుకు ఓడాలెనక్కా? నువ్వు ఉత్తగ గెలిపిచ్చిందే చాలదా ఆయనను?"

 ఆమె అన్నది నిజమే.

రెండు వారాలకు కట్టె కిందికి కదిలింది. టిక్కుమని మైక్రోస్విచ్ చప్పుడైంది. తెర మీద బొమ్మ ఒక అడుగు జరిగింది. బంతి అప్పటికే దాటిపోయింది, పాయింటు రజియాదే. కానీ ఆ టిక్కు ముగ్గురం విన్నాం. నేను ఇంకో పనిలో ఉన్నట్టు పెట్టె వెనక్కి పోయి కళ్లు తుడుచుకున్నాను.

తర్వాత తర్వాత పట్టీ తీసేశాం. మెత్తటి స్ప్రింగ్ తీసి కొంచెం గట్టిది వేశాను, ఇంకో నెలకు ఇంకా గట్టిది. స్ప్రింగ్ మార్చిన ప్రతిసారీ ఆయన ఓడేవాడు, అడ్డమైన తిట్లు తిట్టేవాడు. "చెల్లే, నువ్వు రజియాతోని మిలాఖత్ అయినవు" అనేవాడు. తిట్లన్నీ ఎప్పటిలాగా సాఫీగా వస్తున్నాయి. మొదటిసారి ఆయన గెలిచిన రోజు రజియా నిజంగానే కోపం చేసింది, మిషన్ కరాబైందని నాతో పోట్లాడింది. విప్పి చూపించమంది. ఆమె మనసు కుదుటపడాలని ప్యానెల్ తెరిచి నాలుగు స్విచ్‌లూ చూపించాను.

నల్లగొండలో డాక్టరమ్మ ఈసారి నీళ్ల గ్లాసు పెడితే పట్టుకున్నాడు. నీళ్లు కొంచెం ఒలికాయి. అయినా పట్టుకున్నాడు.

పెద్ద నోట్లు రద్దయి ఊరంతా బ్యాంకుల ముందు నిలబడ్డ రోజులవి. గల్లీలో పనులు ఆగిపోయి, పెళ్లిళ్లు కూడా వాయిదా పడ్డాయి. టైలర్ దుకాణానికి గిరాకీ లేదు. ఒక మధ్యాహ్నం గోడ అవతల నుంచి రజియా "అక్కా, జర రా" అని పిలిచింది. పోయి చూస్తే జహంగీర్ భాయ్ కోత బల్ల ముందు నిలబడి ఉన్నాడు. బల్ల మీద దిండు గలీబుకు తెల్ల గుడ్డ పరిచి ఉంది. సుద్ద గీత అప్పటికే గీశాడు. గీత అక్కడక్కడా వణికింది. పక్కన ఆయన పెద్ద కత్తెర ఉంది, ఇనుపది, ఎండాకాలం నుంచి ఎవరూ ముట్టనిది.

కుడి చెయ్యి కత్తెర రింగుల్లోకి పెట్టాడు. బొటనవేలు లోపలికి పోవడానికే చాలాసేపు పట్టింది. మొదటి కోత పడింది. రెండోది పడింది. గుడ్డ మధ్యకు వచ్చేసరికి కత్తెర ఆగిపోయింది. వేళ్లు విచ్చుకోవడం లేదు. నుదుటి మీద చెమట పట్టింది. మెడ నరం ఉబ్బింది.

రజియా చెయ్యి లేచింది. నా చెయ్యి కూడా లేచింది, నాకే తెలియకుండా. రజియా నా మొఖం చూసింది, నేను ఆమె మొఖం చూశాను. ఇద్దరం చేతులు దింపుకున్నాం. రజియా తన చేతులను కొంగులో చుట్టుకుంది. నేను నావి వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకున్నాను. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. బయట ఆటో ఒకటి పోయింది. ఎవరో చిల్లర అడిగి వెళ్లిపోయారు. వేళ్లు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. కత్తెర నోరు తెరిచి గుడ్డను మళ్లీ పట్టుకుంది. చివరి దాకా పోయింది. రెండు ముక్కలు విడిపోయి బల్లకు అటొకటి, ఇటొకటి పడ్డాయి.

"వంకర పోయింది" అన్నాడు జహంగీర్ భాయ్, గుడ్డను చూస్తూ.

"పోయింది" అంది రజియా. "నేను కుట్టేటప్పుడు సరిజేస్త."

షేర్వానీ కోసే చెయ్యి మళ్లీ రాలేదు, ఆ మాట కూడా చెప్పాలి. పాయిజామాలు, గలీబులు, బడి పిల్లల నిక్కర్లు కోసేంత వచ్చింది. దాంతోనే ఆయన దుకాణం నిలబడింది. మా దుకాణం మాత్రం మరుసటి ఏడు మూతపడింది.

నేను పద్నాలుగేళ్లు మిషన్లు బాగుచేశాను. విడిపోయిన తీగను కలపాలి, ఆగిన బొమ్మను నడిపించాలి, అదే నా పని. మనిషి విషయంలో కూడా అట్లాగే చేయబోయి, ప్రేమతోనే, ఆయన నెల రోజులు పాడుచేశాను. ఎవరి చెయ్యి నేర్చుకోవాలో వాళ్ల చెయ్యే కష్టపడాలని, పక్కనున్నవాళ్లకు నిలబడి చూడడం కూడా ఒక పనేనని ఆ కేసు నాకు చెప్పింది. అది చాలా కష్టమైన పని. ఇప్పటికీ ఎవరైనా తంటాలు పడుతుంటే నా చెయ్యి ముందుకు పోతూనే ఉంటుంది. వెనక్కి లాక్కోవడం నాకు ఇంకా పూర్తిగా రాలేదు.